పొట్టుతో పోయిన గింజలెన్ని? అత్యవసర విభాగం రికార్డుల్లో కంప్యూటర్ సెర్చ్‌ని ఎంతవరకు నమ్మవచ్చు

ప్రశ్న ఇది: అత్యవసర విభాగంలో రెండేళ్లలో నమోదైన సుమారు 60,000 విజిట్‌ల ఎలక్ట్రానిక్ రికార్డుల్లోంచి అనఫిలాక్సిస్ (ఉన్నట్టుండి ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ) కేసులను ఏరాలి. వాళ్లలో ఎంతమందికి దానికి ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్ (ఎపినెఫ్రిన్ అన్నా ఇదే) ఇచ్చారు, వచ్చిన ఎన్ని నిమిషాలకు ఇచ్చారు అన్నది తేల్చాలి. చదవడానికి ఉన్నది ముగ్గురు. అన్ని చార్టులూ (విజిట్ రికార్డులు) చదవడం అయ్యే పని కాదు కాబట్టి కంప్యూటర్ సెర్చ్ మీద ఆధారపడవచ్చా?

ఏ చార్టులు చదవాలో ఎంచుకోవడానికైతే ఆధారపడవచ్చు. ఇది కేసు అవునా కాదా అన్న తీర్పు మాత్రం చదివిన మనిషిదే. చాటలో చెరిగాక మిగిలిన గింజలు అందరికీ కనిపిస్తాయి. పొట్టుతో పాటు ఎగిరిపోయినవి ఎన్నో కూడా చెప్పగలిగితేనే మీ లెక్కకు విలువ. కాబట్టి సెర్చ్ పదాలు రాసుకోవడం కంటే ముందే, సెర్చ్ వదిలేసిన చార్టులను ఎలా పరీక్షిస్తారో నిర్ణయించుకోండి.

మొదటి పని నిర్వచనం. 2006లో ప్రచురితమైన ప్రమాణాల్లో అనఫిలాక్సిస్‌ని గుర్తించడానికి మూడు మార్గాలున్నాయి. చర్మ లక్షణాలతో పాటు శ్వాస ఇబ్బంది గానీ బీపీ పడిపోవడం గానీ ఉండటం ఒకటి. పడని పదార్థం తగిలే అవకాశం ఉన్న పరిస్థితిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ అవయవ వ్యవస్థలు దెబ్బతినడం రెండోది. పడదని ముందే తెలిసిన పదార్థం తగిలాక బీపీ ఒక్కటే పడిపోవడం మూడోది. పెద్దవాళ్లలో సిస్టాలిక్ (బీపీలో పై అంకె) 90 కంటే తగ్గినా, మామూలుగా ఉండేదానికంటే 30 శాతానికి మించి పడిపోయినా బీపీ పడిపోయినట్టే. ఇవో, తర్వాత వచ్చినవో, ఏవో ఒక ప్రమాణాలను తీసుకుని కాగితం మీద పెట్టండి. 'డాక్టరు అనఫిలాక్సిస్ అని రాస్తే కేసు' అనుకుని మొదలుపెడితే, మీరు కొలిచేది జబ్బును కాదు, డాక్టర్ల రాత అలవాటును.

ఇక ఈ ప్రశ్నలోనే దాగి ఉన్న ఒక గొయ్యి గురించి. కేసులు పట్టుకోవడానికి అందరికీ ముందుగా తట్టే ఆలోచన మందుల రికార్డులో 'అడ్రినలిన్' వెతకడం. వేగంగా అవుతుంది, స్పెల్లింగ్ గొడవ ఉండదు. కానీ అడ్రినలిన్ అందినవాళ్లనే ఏరుకుని, వాళ్లలో ఎంతమందికి అడ్రినలిన్ అందిందని లెక్కిస్తే జవాబు నూటికి నూరుకు దగ్గరగా రాక ఇంకేం వస్తుంది? ఈ అధ్యయనానికి ముఖ్యమైన రోగి అనఫిలాక్సిస్ వచ్చి కూడా యాంటీహిస్టమిన్ (మామూలు అలర్జీ మందు), స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఇంటికి వెళ్లిపోయినవాడు. అతని చార్టులో అడ్రినలిన్ పేరే ఉండదు. బహుశా అనఫిలాక్సిస్ అన్న పదమూ ఉండదు, 'అలర్జిక్ రియాక్షన్' అని ఉంటుంది. కాబట్టి ఎంత శాతం అన్న లెక్కకు కేసులను ఏరేటప్పుడు ఆ మందుతో సంబంధం లేని దారులు తప్పనిసరి. మందు ద్వారా దొరికినవాళ్లకు ఒక గుర్తు పెట్టి ఉంచండి. వాళ్లను కలిపీ, తీసేసీ రెండు విధాలా శాతం లెక్కిస్తే తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

దారులు నాలుగు: డయాగ్నసిస్ కోడ్, మందులు, ట్రయాజ్‌లో (రాగానే ఎవరిని ముందు చూడాలో తేల్చే చోట) రాసుకున్న ఫిర్యాదు, డాక్టరు నర్సుల నోట్స్. నాలుగింటికీ వేర్వేరు లోపాలున్నాయి.

జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో అనఫిలాక్సిస్ ఒకచోట ఉండదు. ఆహారం వల్ల వస్తే టీ78.0, కారణం తెలియకపోతే టీ78.2, సీరం వల్ల అయితే టీ80.5, సరైన మందు సరిగ్గా ఇచ్చినా వస్తే టీ88.6. ఈ నాలుగుతో ఆగితే తేలిక కేసులే కాదు, తీవ్రమైనవి కూడా పోతాయి. తొందరలో ఉన్నవాళ్లు టీ78.4 కింద 'అలర్జీ, వివరం లేదు' అనో, ఎల్50 కింద దద్దుర్లనో, టీ78.3 కింద యాంజియోఎడీమా (చర్మం లోపలి పొరల వాపు) అనో వేసి ముగిస్తారు. కందిరీగ కుట్టినవాళ్లు విషపు కాటు కోడ్‌లలోకి వెళ్తారు. ఈ పక్క కోడ్‌లన్నింటినీ కలిపితే చదవాల్సిన చార్టులు చాలా పెరుగుతాయి, అందుకే వాటిని 'బూడిద పొర' అని వేరుగా ఉంచుకోండి. దాని ఉపయోగం కింద వస్తుంది.

మందుల రికార్డులో అడ్రినలిన్ చాలా పనులకు కనిపిస్తుంది. గుండె ఆగినప్పుడు 1 మిల్లీగ్రాము సిరలోకి, క్రూప్ (గొంతు వాచి ఊపిరి కష్టమయ్యే జబ్బు) వచ్చిన పిల్లలకు నెబ్యులైజర్‌లో, కుట్లు వేసేటప్పుడు లిగ్నోకెయిన్‌తో కలిపి 1:2,00,000 గాఢతలో. అనఫిలాక్సిస్‌కి ఇచ్చేది కిలోకు 0.01 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాములు, తొడ కండరంలోకి. అందుకే మందు పేరుతో పాటు ఇచ్చిన మార్గం, మోతాదు కూడా షరతుల్లో పెట్టండి. అయితే మార్గం ఖాళీగా వదిలేసిన వరుసలను తీసేయకండి. ఖాళీ అంటే 'కండరంలోకి కాదు' అని అర్థం కాదు కదా. ఇంకో చిక్కు: అంబులెన్స్‌లో ఇచ్చిన డోసు, రోగి తనే ఆటోఇంజెక్టర్‌తో (ముందే మందు నింపిన పెన్ను లాంటి సూదితో) పొడుచుకున్న డోసు ఈ రికార్డులోకి రావు. అవి ట్రయాజ్ నోట్‌లో ఒక వాక్యంగానో, స్కాన్ చేసిన అంబులెన్స్ షీట్‌లోనో ఉంటాయి. స్కాన్ అంటే బొమ్మ. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చడం) చేయనిదే అందులోని అక్షరాలు సెర్చ్‌కి కనపడవు, చేసినా చేతిరాతను అది తరచూ తప్పు చదువుతుంది.

నోట్స్‌లో పదాల వేట దగ్గరే అందరూ బోర్లా పడతారు. 'అలర్జీ' అని వెతికితే దాదాపు ప్రతి చార్టూ వస్తుంది, ఎందుకంటే ప్రతి చార్టులోనూ 'తెలిసిన అలర్జీలు లేవు' అన్న గడి ఉంటుంది. 'ఎపినెఫ్రిన్'కి పొట్టిగా 'ఎపి' అని వెతికితే ఎపిగ్యాస్ట్రిక్ నొప్పి, ఎపిలెప్సీ, ఎపిసోడ్, ఎపిస్టాక్సిస్, ఎపిడ్యూరల్ అన్నీ కట్టకట్టుకుని వస్తాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతిలో) పదం అంచులు రెండు వైపులా కట్టాలి. అనఫిలాక్సిస్‌ని మాత్రం అలా కట్టకూడదు. అనఫిలాక్టిక్, అనఫిలాక్టాయిడ్, పది రకాల తప్పు స్పెల్లింగులు దొరకాలంటే మొదటి నాలుగైదు అక్షరాల మొదలు మాత్రమే ఇచ్చి చివర వదిలేయాలి. స్పెల్లింగ్ తప్పులు ఊహించి రాయడం కంటే, మీ రికార్డుల్లో ఆ అక్షరాలతో మొదలయ్యే పదాలన్నింటినీ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కతో సహా తీయించి చూడండి. గంట పని. మీ విభాగంలో మాత్రమే చెలామణి అయ్యే పొట్టి రాతలు కూడా అక్కడే బయటపడతాయి.

'లేదు' అన్న మాటను పట్టుకోవడానికి 2001లో వచ్చిన నెగ్‌ఎక్స్ అనే పద్ధతి ఇప్పటికీ మంచి ఆరంభమే. 'లేదు', 'కాదని తేలింది' లాంటి సూచక పదాలను చూసి, వాటికి సుమారు ఐదు పదాల దూరంలో ఉన్న జబ్బు పేరును నిరాకరించినట్టు లెక్కిస్తుంది. కానీ అత్యవసర విభాగపు నోట్స్‌లో ఫుల్‌స్టాప్ అరుదు. ఒక్క 'నో' పెట్టి దద్దుర్లు, వీజ్ (పిల్లికూతలు), స్ట్రైడర్ (ఊపిరి తీస్తుంటే గొంతులో వచ్చే శబ్దం), వాంతి, తల తిరగడం, బీపీ పడటం అంటూ ఎనిమిది లక్షణాలు వరసగా రాస్తారు. ఆరోది నుంచి కంప్యూటర్ 'ఉంది' అనుకుంటుంది. దీనికి విరుగుడుగా దూరం పెంచితే, 'జ్వరం లేదు కానీ దద్దుర్లు, వీజ్ ఉన్నాయి' అన్నచోట ఉన్నది కూడా లేదైపోతుంది. 'కానీ', 'అయితే' లాంటి పదం రాగానే నిరాకరణ ఆగిపోయేలా నియమం పెడితే రెండు బాధలూ కొంత తగ్గుతాయి. ఉందా లేదా అన్నదానికి తోడు, ఇది గతంలో జరిగిందా, రోగికా బంధువులకా, జరిగిందా జరగవచ్చా అన్నవి కూడా చూసే కాంటెక్స్ట్ అనే పద్ధతి 2007లో వచ్చింది. మీ పనికి అది మరీ అవసరం. 'చిన్నప్పుడు అనఫిలాక్సిస్ వచ్చింది', 'యాంటీవెనమ్ ఇస్తున్నాం, అనఫిలాక్సిస్ రావచ్చు, గమనించాలి', 'ఊపిరాడకపోతే వెంటనే రండి' అన్న డిశ్చార్జ్ సూచన: మూడింట్లోనూ ఆ రోజు జబ్బు లేదు.

చాలాసార్లు ఇంత తెలివైన పద్ధతి కూడా అక్కర్లేదు. అలర్జీ గడి, గత చరిత్ర, సమ్మతి పత్రం, డిశ్చార్జ్ సూచనలు అనే నాలుగు విభాగాలను శీర్షికలను బట్టి కత్తిరించేసి మిగిలిన పాఠంలో వెతికితే తప్పుడు హిట్లలో పెద్ద వాటా అక్కడికక్కడే పోతుంది. ఒక జాగ్రత్త: సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన రోజున శీర్షికలు మారిపోతాయి, మీ కత్తెర తప్పుచోట పడుతుంది. హిట్లను నెలవారీగా గ్రాఫ్ గీసి చూడండి. ఒక నెల నుంచి ఉన్నట్టుండి సగమైనా, రెట్టింపైనా జబ్బు మారిందని సంబరపడకుండా టెంప్లేట్ మారిందేమో, కోడ్‌ల జాబితా మారిందేమో కనుక్కోండి. ఈ గ్రాఫ్ గీయకుండా ఎవరైనా ఫలితాలు చూపిస్తే నేనైతే నమ్మను.

టెంప్లేట్ల విషయం వచ్చింది కాబట్టి ఇంకో మాట. 'శ్వాస మార్గం బాగుంది, స్ట్రైడర్ లేదు' అని ముందే నింపి ఉన్న వాక్యాన్ని పరీక్ష ఫలితంగా తీసుకోకండి. అక్షరం పొల్లు పోకుండా ఒకే వాక్యం వందల చార్టుల్లో ఉంటే అది టెంప్లేట్. ఒకే రోగి పాత విజిట్ నుంచి యథాతథంగా వచ్చి ఉంటే అది కాపీ-పేస్ట్. వాక్యాలవారీగా లెక్క తీస్తే రెండూ దొరికిపోతాయి.

డేటా చేతికి వచ్చే దారిలోనూ పోతుంది. విజిట్ పట్టికను కోడ్‌ల పట్టికతో, మందుల పట్టికతో ఒకేసారి కలిపితే 3 కోడ్‌లు, 8 మందులు ఉన్న ఒక్క విజిట్ 24 వరుసలవుతుంది. లెక్కించాల్సింది వరుసలను కాదు, వేర్వేరు విజిట్ నంబర్లను. ఎక్సెల్‌లో తెరిస్తే 15 అంకెలకు మించిన నంబర్ల చివరి అంకెలు సున్నాలవుతాయి, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, ఒక గడిలో 32,767 అక్షరాల తర్వాత పాఠం తెగిపోతుంది. నంబర్ల గడిని టెక్స్ట్‌గా దిగుమతి చేయండి, నోట్స్‌ని అసలు ఎక్సెల్‌లో పెట్టకండి. ఎగుమతి చేసిన నోట్లలో పొడవైన వాటి అక్షరాలు లెక్కపెట్టించండి. చాలా నోట్లు సరిగ్గా ఒకే సంఖ్య దగ్గర ఆగిపోతే మధ్యలో ఎక్కడో కత్తిరించారన్నమాట. తర్వాత చేర్చిన అనుబంధ నోట్లు చాలా వ్యవస్థల్లో వేరే పట్టికలో ఉంటాయి, అడగనిదే ఇవ్వరు. స్పృహలేకుండా వచ్చినవాళ్లను తాత్కాలిక నంబరుతో నమోదు చేసి తర్వాత అసలు నంబరులో కలుపుతారు. కలపడం సరిగ్గా జరగకపోతే తీవ్రమైన కేసే మీ జాబితాలోంచి జారిపోతుంది.

ఇప్పుడు పొట్టులోని గింజల లెక్క. అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ సెర్చ్ 60,000లో 900 చార్టులను పట్టిందనుకోండి, చదివితే 240 నిజమైన కేసులు. అంటే పట్టిన నాలుగింట్లో ఒకటికి కాస్త పైన, దాదాపు 27 శాతం. ఇది తక్కువని బాధపడక్కర్లేదు, చదివే శ్రమ పెరుగుతుంది అంతే. ఇక వదిలేసిన 59,100లోంచి యాదృచ్ఛికంగా 300 తీసి చదివారు, ఒక్క కేసూ లేదు. 'సెర్చ్ ఏమీ వదల్లేదు' అని రాసేస్తారు చాలామంది. 300లో సున్నా దొరికితే 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ రేటు 3/300, అంటే 1 శాతం. 59,100లో 1 శాతం 591. మీరు పట్టుకున్నది 240, వదిలేసినవి 591 దాకా ఉండవచ్చు! అరుదైన జబ్బుకు ఈ రకం నమూనా ఏమీ చెప్పదు.

అందుకే పైన చెప్పిన బూడిద పొర. సెర్చ్ వదిలేసిన వాటిలో జబ్బు దాక్కోగల చార్టులను వేరు చేయండి: పక్క కోడ్‌లు ఉన్నవి, స్టెరాయిడ్ యాంటీహిస్టమిన్ ఇంజెక్షన్లు రెండూ పడినవి, ట్రయాజ్‌లో దద్దుర్లు, వాపు, పురుగు కుట్టడం అని రాసినవి, ట్రిప్టేజ్ (తీవ్రమైన అలర్జీలో రక్తంలో పెరిగే పదార్థం) పరీక్షకు రక్తం పంపినవి. ఇవి 1,500 అనుకుందాం. వాటిలోంచి 300 చదివితే 3 కేసులు దొరికాయి, అంటే 1 శాతం, మొత్తం పొరలో సుమారు 15. అప్పుడు సెన్సిటివిటీ (ఉన్న కేసుల్లో సెర్చ్ పట్టుకున్న వాటా) 240/255, దాదాపు 94 శాతం. అయితే 300లో 3 అన్నదాని నిజమైన రేటు 0.2 నుంచి 2.9 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి వదిలేసినవి 3 నుంచి 43 దాకా, సెన్సిటివిటీ 85 నుంచి 99 దాకా. ఆ పరిధి రాయండి, 94 ఒక్కటే రాయకండి. పరిధి మరీ వెడల్పుగా అనిపిస్తే బూడిద పొర 1,500నూ చదివేయండి. ఒక్కో చార్టుకు నాలుగైదు నిమిషాల చొప్పున ముగ్గురికి మోయలేని పనేమీ కాదు. మిగిలిన 57,600కి వేరే దారి: ఐసీయూలో, వార్డులో చేరినవాళ్ల తుది డయాగ్నసిస్ జాబితా, అలర్జీ క్లినిక్‌కి పంపిన రెఫరల్స్. అక్కడ కనిపించి మీ జాబితాలో లేని ప్రతి రోగీ మీ సెర్చ్‌కి ఒక పాఠం.

రెండు దారుల్లో దొరికిన వాటిని బట్టి మొత్తం అంచనా వేసే క్యాప్చర్-రీక్యాప్చర్ లెక్క కూడా కొందరు వాడతారు. కోడ్‌లతో 160 నిజమైన కేసులు, మందులతో 200, రెండింట్లోనూ ఉన్నవి 135 అయితే 160ని 200తో గుణించి 135తో భాగిస్తే 237. కానీ నోట్స్ కూడా కలిపినప్పుడు మన దగ్గర అప్పటికే 240 తేలాయి! ఎందుకిలా? ఈ లెక్క నిలవాలంటే రెండు దారులూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండాలి. ఇక్కడ తీవ్రమైన రోగికి కోడ్ సరిగ్గా పడుతుంది, మందూ పడుతుంది. తేలిక రోగి రెండింట్లోనూ జారిపోతాడు. అలాంటప్పుడు అంచనా ఎప్పుడూ తక్కువకే వస్తుంది, కాబట్టి దాన్ని కనీస సంఖ్యగా మాత్రమే చూడండి.

చదివే పనికి వస్తే, ఫారంలో ప్రతి ప్రశ్నకు మూడు జవాబులుండాలి: 'ఉంది', 'లేదని రాశారు', 'ఏమీ రాయలేదు'. చివరి రెండింటినీ కలిపేస్తే వెనక్కి విడదీయడం కుదరదు, మళ్లీ చదవాల్సిందే. 30 చార్టులు ముగ్గురూ విడివిడిగా చదివి, తేడాలు చర్చించి, నియమాలు సరిదిద్దాక అసలు పని మొదలుపెట్టండి. ఆ 30ని ఫలితాల్లో కలిపే ముందు కొత్త నియమాలతో తిరిగి చదవండి. వీలైతే కేసా కాదా అని తీర్పు చెప్పేవాళ్లకు అడ్రినలిన్ వివరాలు కనపడకుండా కప్పేయండి, ఎందుకంటే మందు పడిందని చూశాక 'అయితే అనఫిలాక్సిసే' అనుకోవడం మనిషి సహజం. కప్పా (అనుకోకుండా కలిసినవాటిని మినహాయించి ఇద్దరి ఏకీభావాన్ని చెప్పే కొలత) విలువ చెప్పేటప్పుడు నాలుగు గడుల పట్టిక కూడా ఇవ్వండి. 100 చార్టుల్లో ఇద్దరూ అవునన్నది 1, ఇద్దరూ కాదన్నవి 97, మొదటివారే అవునన్నది 1, రెండోవారే అవునన్నది 1 అయితే ఏకీభావం 98 శాతం, కప్పా మాత్రం 0.49. అరుదైన జబ్బులో ఇది మామూలే. అత్యవసర వైద్యంలో చార్టు సమీక్షల పద్ధతులు ఎంత అధ్వానంగా రాస్తున్నారో 1996లోనే ఒక వ్యాసం ఎనిమిది ప్రమాణాలతో కొలిచి చూపింది. అందులో చదివేవాళ్ల శిక్షణ, పర్యవేక్షణ, ఏకీభావం అన్నీ ఉన్నాయి.

సమయాల గురించి. అడ్రినలిన్‌కి నాలుగు సమయాలుంటాయి: ఆర్డర్ పెట్టింది, మందు తీసింది, ఇచ్చింది, కంప్యూటర్‌లో ఎక్కించింది. పేరు చూసి మోసపోకండి, మీకిచ్చిన కాలమ్ ఏదో డేటా ఇచ్చినవాళ్లను అడిగి పది చార్టులతో సరిచూడండి. ప్రాణం మీదికొచ్చిన రోగికి మందు నోటిమాట మీద పడుతుంది, రాత అరగంట తర్వాత కూర్చున్నప్పుడు జరుగుతుంది. సమయాలన్నీ 00, 15, 30, 45 దగ్గర గుమిగూడితే అవి గుర్తుచేసుకుని రాసినవి. రిజిస్ట్రేషన్ కంటే ముందే మందు పడితే మీ వ్యవధి మైనస్‌లో వస్తుంది. దాన్ని 'తప్పు డేటా' అని కొట్టేయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే అందరికంటే త్వరగా వైద్యం అందింది వాళ్లకే. వచ్చిన సమయంగా రిజిస్ట్రేషన్, ట్రయాజ్, మొదటి బీపీ కొలత ఈ మూడింటిలో ముందున్నది తీసుకోండి. అంబులెన్స్‌లోనే మందు అందినవాళ్లను వేరే గుంపుగా చూపండి. అర్ధరాత్రి దాటిన విజిట్‌లలో తేదీ లేకుండా గంటలు మాత్రమే తీసివేస్తే మైనస్ 23 గంటల లాంటి వ్యవధులు పుట్టుకొస్తాయి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచి తెర మీద స్థానిక సమయం చూపే వ్యవస్థల్లో ఎగుమతి ఫైల్లో ఏది వచ్చిందో కూడా చూసుకోవాలి.

చాట్‌జీపీటీ లాంటి పెద్ద భాషా నమూనాలతో చదివించవచ్చా అన్నది ఇప్పుడు అందరికీ వచ్చే సందేహం. ఏరడానికి పనికొస్తాయి, రెండు షరతుల మీద. జవాబుతో పాటు దానికి ఆధారమైన వాక్యాన్ని చార్టులోంచి యథాతథంగా ఇవ్వమనండి, ఆ వాక్యం నిజంగా చార్టులో ఉందో లేదో మామూలు పదాల పోలికతో తనిఖీ చేయండి. లేనిది కల్పించడం వాటికి చేతనైన పనే. ఇక రికార్డులు సంస్థ గోడ దాటకూడదు. పేరు, నంబరు తీసేసినా నోట్స్ లోపల రోగి పేరు, బంధువుల ఫోన్ నంబర్లు ఉంటాయి కాబట్టి 'గుర్తింపు తీసేశాం' అన్న మాట నోట్స్‌కి అంత తేలిగ్గా వర్తించదు. ఎథిక్స్ కమిటీ అనుమతి సెర్చ్ నడపడానికి ముందే కావాలి, చదవడానికి ముందు కాదు. అధ్యయన నంబరును విజిట్ నంబరుతో కలిపే ఫైల్ ఒకరి దగ్గర, వేరే చోట ఉండాలి.

చివరగా, అదే క్వెరీ (సెర్చ్ ఆదేశం) ఆరు నెలల తర్వాత నడిపితే అదే సంఖ్య రాదు. కోడ్‌లు తర్వాత సరిదిద్దుతారు, నోట్లకు అనుబంధాలు చేరతాయి, రోగుల నంబర్లు కలుస్తాయి. కాబట్టి క్వెరీ పూర్తి పాఠాన్ని, నడిపిన తేదీని, ఆ రోజు వచ్చిన విజిట్ నంబర్ల జాబితాను కలిపి మార్చడానికి వీల్లేని ఫైల్‌గా దాచండి. సెర్చ్ పదాలు మధ్యలో మార్చాల్సి వస్తే పాతది చెరపకుండా కొత్త వెర్షన్ నంబరు వేసి, ఎందుకు మార్చారో ఒక వాక్యం పక్కన రాసి ఉంచండి.